మ్యూజికల్ థియేటర్ కాలేజీ ఆడిషన్: పాట ఎంపిక, కట్ తయారీ

అమెరికా కాలేజీల్లో మ్యూజికల్ థియేటర్ (పాటలతో నడిచే నాటకం) బీఎఫ్‌ఏ డిగ్రీ సీటు కోసం చాలాచోట్ల ముందు వీడియో పంపాలి. దాన్ని ప్రీస్క్రీన్ అంటారు. అది దాటినవాళ్లు ఎంపిక చేసే ప్యానెల్ ముందు పాడతారు. ఆ ఆడిషన్ క్యాంపస్‌లో ఉండొచ్చు, ఆన్‌లైన్‌లో ఉండొచ్చు, లేదా న్యూయార్క్, షికాగో, లాస్ ఏంజెలస్ లాంటి నగరాల్లో అనేక కాలేజీలు ఒకేచోట జరిపే యూనిఫైడ్స్‌లో ఉండొచ్చు. ఎక్కడైనా పాట మొత్తం పాడనివ్వరు. 60 నుంచి 90 సెకన్లు, లేదా 16 బార్లు (బార్ అంటే తాళంలో ఒక ఆవృత్తం), లేదా 32 బార్లు, అంతే. ఈ ముక్కే కట్. ఎంత గొప్ప పాటైనా అందులో విడిగా నిలబడగల నిమిషం లేకపోతే ఆడిషన్‌కి పనికిరాదు.

పాటలు వినడం మొదలుపెట్టకముందే కాలేజీల నిబంధనలు ఒక పట్టికలో రాసుకోండి. ఎన్ని పాటలు, ఎంత నిడివి, ఏ కాలానివి, పాప్ పాటలు ఒప్పుకుంటారా, వద్దన్న పాటల జాబితా ఏమైనా ఉందా అన్నవి అందులో ఉండాలి. సాధారణంగా రెండు భిన్నమైన పాటలు అడుగుతారు: ఒకటి 1965కో 1970కో ముందుది, రెండోది ఆ తర్వాతది. ఈ గీత దగ్గర చాలామంది జారిపడతారు. 1930ల కథతో నిన్నమొన్న రాసిన షోలోని పాట పాతపాట కిందికి రాదు. 1950ల షోకి తర్వాత పునఃప్రదర్శనలో కొత్తగా చేర్చిన పాటకీ అదే గతి. ఇక 1960ల పాప్ పాటల్ని గుదిగుచ్చి 2000 తర్వాత తీసిన షో అయితే అది ఏ వైపుకి వస్తుందో ఆ కాలేజీనే మెయిల్‌లో అడగాలి. షో మొదట ప్రదర్శించిన సంవత్సరం, పాట రాసిన సంవత్సరం రెండూ పట్టికలో ఉంటే గొడవ ఉండదు.

తర్వాత గొంతు. మీరు ఒకే ఒక్కసారి అందుకోగలిగిన పైస్వరం లెక్కలోకి రాదు. జలుబు చేసిన రోజు, పొద్దున తొమ్మిదింటికి, వరసగా ఐదుసార్లు పాడినా నిలిచే స్వరమే మీ పైహద్దు. కట్‌లోని అతి పైస్వరం దానికి కనీసం ఒక పూర్తి స్వరం కింద ఉండాలి. శ్రుతి ఒకటి రెండు అర్ధస్వరాలు మార్చుకోవచ్చు గాని, సొప్రానోకి (ఆడవాళ్ల పైస్థాయి గొంతుకి) రాసిన పాటను బాగా కిందికి దింపితే దాని మెరుపే పోతుంది. అంతకంటే వేరే పాట వెతుక్కోవడం నయం. కర్ణాటక సంగీతం నేర్చినవాళ్లకి ఇంకో జాగ్రత్త: పాత పాటల్లో స్వరం నుంచి స్వరానికి జారితే ప్యానెల్‌కి అది శ్రుతి తప్పినట్టే వినిపించవచ్చు. గమకాలు తీసేసి, రాసిన స్వరం మీద నేరుగా నిలబడడం సాధన చేయాలి.

అసలు వడపోత సాహిత్యం దగ్గరే జరుగుతుంది. కట్‌లోని మాటల్ని బాణీ లేకుండా, ఎదుటి మనిషితో మాట్లాడినట్టు పైకి చదవండి. ఎవరితో అంటున్నారు? వాళ్ల నుంచి ఏం కావాలి? మొదటి వాక్యానికీ చివరి వాక్యానికీ మధ్య పాడే పాత్రలో ఏం మారింది? మూడో ప్రశ్నకి జవాబు దొరకకపోతే వేరే కట్ చూడండి. జ్ఞాపకాలు ఏకరువు పెట్టే పాటలు, ఒకే మాటను పల్లవిగా పదేపదే తిప్పే పాటలు ఎక్కువగా ఇక్కడే రాలిపోతాయి. వయసు కూడా చూసుకోవాలి: పదిహేడేళ్ల మనిషి నలభయ్యేళ్లవాళ్ల విడాకుల బాధ పాడితే గొంతు ఎంత బాగున్నా నమ్మబుద్ధి కాదు. మీది కాని ఒక జాతి అనుభవం మీదే నిలబడిన పాత్రల పాటలు వదిలేయాలి. అరువు తెచ్చుకున్న యాసలూ వద్దు.

భిన్నమైనవి అంటే ఒకటి నెమ్మది, ఒకటి వేగం అని మాత్రమే కాదు. రెండూ ప్రేమ దక్కని బాధే అయితే వేగం మారినా ప్యానెల్‌కి కనిపించేది ఒకే మనిషి. ఒకదాంట్లో హాస్యం, ఇంకోదాంట్లో పంతం. ఒకచోట లెజిట్, అంటే పాతకాలపు శాస్త్రీయ ధోరణి గుండ్రని గొంతు, ఇంకోచోట బెల్ట్, అంటే మాటకి దగ్గరగా బిగ్గరగా పాడే గొంతు. అలా ఉండాలి. అందరూ పాడే కొత్త హిట్ పాటలకి దూరంగా ఉండమనే సలహా సబబే, ఎందుకంటే విన్నవాళ్లు అసలు రికార్డింగ్‌తో పోల్చుకుంటారు. కానీ ఎవరికీ తెలియని పాట కావాలని బలహీనమైన పాటను పట్టుకోవడం అంతకంటే నష్టం.

కట్‌ని వెనక నుంచి కట్టండి. చాలా పాటల్లో బ్రిడ్జ్ (చివరి పల్లవికి ముందు బాణీ మారే భాగం) నుంచి చివరి పల్లవి వరకు ఉన్న భాగం పనికొస్తుంది, మలుపూ ముగింపూ రెండూ అందులోనే ఉంటాయి కాబట్టి. ముందు వాయించేది ఒక బార్ చాలు, లేదా మొదటి స్వరం ఒక్కటి ఇస్తే చాలు. మధ్యలో వాయిద్యం ఒక్కటే మోగే బార్లు తీసేయండి. చివరి దీర్ఘస్వరం ఎనిమిది బార్లుంటే నాలుగుకి కుదించండి. అతికిన చోట శ్రుతి మారుతుంటే ఆ అతుకు వద్దు. బార్ల లెక్కను గుడ్డిగా నమ్మకండి: 4/4 తాళంలో (బార్‌కి నాలుగు బీట్లు) 32 బార్లు నిమిషానికి 120 బీట్ల వేగంతో 64 సెకన్లు పడతాయి, 60 బీట్ల వేగంతో 128 సెకన్లు. స్టాప్‌వాచ్ పెట్టి, గడువుకి ఐదు సెకన్ల ముందే ముగిసేలా చూసుకోండి.

పియానిస్ట్ మీ కాగితాల్ని అప్పుడే మొదటిసారి చూస్తారు. అక్కడికక్కడ శ్రుతి మార్చి వాయించమని అడగకూడదు. మీ శ్రుతిలోనే ముద్రించిన షీట్ మ్యూజిక్ (స్వరలిపి కాగితాలు) తీసుకెళ్లాలి. కాగితానికి రెండువైపులా ముద్రించి బైండర్‌లో పెడితే పేజీలు తిప్పడం తగ్గుతుంది. జిరాక్స్‌లో పియానిస్ట్ ఎడమచేత్తో వాయించే అట్టడుగు వరస తెగిపోవడం మామూలే, చూసుకోండి. తీసేసిన బార్లను వదిలేసి కొత్తగా అతికించిన ప్రతి అయితే మేలు. కొట్టివేతలూ బాణం గుర్తులూ ఉంటే కంగారులో తప్పు వరసకి పోతారు. వేగం చెప్పడానికి చిటికెలు వేయొద్దు. మొదటి రెండు బార్లు మెల్లగా ఆయనకి పాడి వినిపించండి. పియానో భాగం మరీ చిక్కుగా ఉన్న పాటను లైవ్‌కి పెట్టుకోకండి. ప్రీస్క్రీన్‌కి మాత్రం ఆ భయం లేదు, కాలేజీ ఒప్పుకుంటే రికార్డు చేసిన ట్రాక్ వాడొచ్చు. ట్రాక్‌లో బాణీ వాయించకూడదు, గొంతు పియానో కంటే స్పష్టంగా వినిపించాలి.

పాడాక ప్యానెల్ "ఇంకేం ఉన్నాయి?" అని అడగొచ్చు. బైండర్‌లో ఇంకో మూడు నాలుగు కట్‌లు సిద్ధంగా ఉండాలి: ఒక హాస్యం, ఒక పాప్ లేక రాక్, మొదటివాటిలో కనిపించని గొంతు చూపే ఒకటి. ప్రతి పాటకీ 16 బార్ల చిన్న కట్ కూడా రాసి ఉంచండి, ప్యానెల్‌కి ఆలస్యమవుతుంటే అదే అడుగుతారు. ప్రీస్క్రీన్ గడువులు హైస్కూల్ చివరి ఏడాది శరదృతువు నుంచే మొదలవుతాయి కాబట్టి పాటలు ఆగస్టుకల్లా ఖాయం చేసుకోవాలి. సెప్టెంబరులో పాట మార్చాల్సి వస్తే బైండర్‌లో ఇప్పటికే గొంతుకి అలవాటైన వాటిలోంచే తీసుకోండి.