వాలెన్స్ దశలు – మూడో పాఠం: ముడి ఎక్కడ విడిపోతుంది

వాలెన్స్ దశలంటే జీవితకాలాన్ని రాశులవారీగా దశలుగా పంచే పాత గ్రీకు జ్యోతిష లెక్క. కిందటి పాఠంలో ఇచ్చిన లెక్క చేసి ఉంటే మీ చేతిలో ఇప్పుడు రెండు రాశులు ఉంటాయి. ఒకటి అదృష్ట బిందువు పడిన రాశి, రెండోది ఆత్మ బిందువు పడిన రాశి. ఈసారి వాటి నుంచి దశలు వేద్దాం. పొడుగు నోట్‌బుక్, పెన్సిల్, రబ్బరు దగ్గర పెట్టుకోండి. సాఫ్ట్‌వేర్ వద్దు. అది ఒక్క క్షణంలో తేదీలన్నీ ఇచ్చేస్తుంది కానీ, ఈ పద్ధతిలో అసలు చూడాల్సిన చోటు కళ్ళ ముందే దాటిపోతుంది. నాకు అదే జరిగింది. చేత్తో మూడు జాతకాలు వేశాకే విషయం బుర్రకెక్కింది.

పాఠం తప్పినవాళ్ళ కోసం ఒక్క ముక్క. పగలు పుట్టినవాళ్ళకి రవి నుంచి చంద్రుడి దాకా రాశుల వరుసలో ఎన్ని డిగ్రీలో లెక్కపెట్టి, లగ్నం నుంచి అంత దూరం ముందుకు వెళ్తే అదృష్ట బిందువు. అంతే దూరం లగ్నం నుంచి వెనక్కి వెళ్తే ఆత్మ బిందువు. రాత్రి పుట్టినవాళ్ళకి ఈ రెండూ తారుమారు. గ్రీకులు వీటిని క్లేరోస్ అన్నారు, అంటే తీసిన చీటీ, చీటీలో వచ్చిన వాటా. మన తాజిక జ్యోతిషంలో పుణ్య సహం కట్టేవాళ్ళకి ఈ సూత్రం పాతదే. అదృష్ట బిందువే అరబ్బుల చేతుల మీదుగా వచ్చి పుణ్య సహమైంది. భాగ్యస్థానం అని మాత్రం అనకండి, మనకి ఆ మాట తొమ్మిదో ఇంటిది, గందరగోళమవుతుంది.

ఈ దశల పద్ధతిని మనకి అందించినవాడు వెట్టియస్ వాలెన్స్. అంతియొక్ నగరంవాడు, క్రీ.శ. 120లో పుట్టాడు. ఈ విద్య కోసం ఈజిప్టు దాకా వెళ్ళి, డబ్బు మీద ఆశ తప్ప ఇంకేమీ లేని గురువుల చేతిలో నలిగానని తనే రాసుకున్నాడు. తొమ్మిది భాగాల ఆంథాలజీలో నాలుగో భాగం దీనికే ఎక్కువగా ఇచ్చాడు. చదివేవాడు రహస్యం దాచాలని ఒట్టు కూడా పెట్టించుకున్నాడు. ఆ తర్వాత ఈ పద్ధతి ఎన్నో శతాబ్దాలు దాదాపు మూలపడింది. 1993లో మొదలైన ప్రాజెక్ట్ హైండ్‌సైట్‌లో రాబర్ట్ ష్మిట్ గ్రీకు నుంచి అనువాదం చేశాకే మళ్ళీ జనం చేతికి వచ్చింది. దీని గ్రీకు పేరు ఆఫెసిస్, అంటే విడిచిపెట్టడం. పందెంలో గుర్రాలను వదిలే గీతకీ అదే మాట. బిందువు ఉన్న రాశి ఆ గీత. పుట్టిన క్షణంలో కాలం అక్కడ బయలుదేరి రాశి తర్వాత రాశి దాటుతూ పోతుంది.

ఏ రాశిలో ఎన్నేళ్ళు ఉంటుంది? రాశి అధిపతికి ఎన్నేళ్ళో అన్నేళ్ళు. కుజుడికి 15 కాబట్టి మేషం, వృశ్చికం పదిహేనేసి. శుక్రుడివైన వృషభం, తుల ఎనిమిదేసి. బుధుడివైన మిథునం, కన్య ఇరవయ్యేసి. గురువువైన ధనుస్సు, మీనం పన్నెండేసి. చంద్రుడి కర్కాటకం 25, రవి సింహం 19. శని దగ్గర మాత్రం తేడా ఉంది: కుంభానికి 30, మకరానికి 27. శనికి ఆ సంప్రదాయంలో చెప్పే అతి పెద్ద లెక్క 57, రెండు రాశులనూ కలిపితే అదే వస్తుంది చూడండి.

ఈ అంకెల వెనక ఆకాశం ఉంది. శని రాశిచక్రం చుట్టి రావడానికి ముప్పయ్యేళ్ళకి కాస్త తక్కువ, గురువుకి పన్నెండేళ్ళకి కాస్త తక్కువ. శుక్రుడు ఎనిమిదేళ్ళకోసారి ఆకాశంలో దాదాపు అదే చోట, అదే తేదీకి కనిపిస్తాడు. 19 ఏళ్ళకి తిథీ తేదీ మళ్ళీ కలుస్తాయి. మీ పంతొమ్మిదో పుట్టినరోజున పంచాంగం తీసి చూడండి, పుట్టిననాటి తిథి అక్కడే, లేదంటే ఒక రోజు అటూ ఇటూగా ఉంటుంది. మన మామూలు దశల లెక్క వింశోత్తరిలో శుక్రుడికి 20, శనికి 19 అని నోటికి వచ్చినవాళ్ళు ఇక్కడ కాసేపు దాన్ని పక్కన పెట్టాలి. రెండు లెక్కలూ కలిస్తే రెండూ చెడతాయి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన హెచ్చరిక. ఇక్కడ ఏడాది అంటే 360 రోజులు, నెల అంటే 30 రోజులు. నా మొదటి నోట్‌బుక్ నిండా 365.25తో వేసిన దశలే. ముప్పై ఏడేళ్ళ దగ్గర ఒక మలుపు రావాల్సిన జాతకంలో తేదీ 197 రోజులు జరిగిపోయింది. ఆరున్నర నెలలు! పద్ధతే తప్పేమోనని వదిలేయబోయాను. తప్పు నా గుణకారంలో ఉంది. అందుకే సంవత్సరాల్లో రాసుకోకండి, రోజుల్లో రాసుకోండి. చివర్లో 365.25తో భాగిస్తే మామూలు వయసు వస్తుంది.

ఒక జాతకం వేద్దాం. ఇది అభ్యాసం కోసం నేను అల్లింది, ఎవరిదీ కాదు. పగటి పుట్టుక. లగ్నం తుల 10 డిగ్రీలు, రవి కర్కాటకం 10, చంద్రుడు వృశ్చికం 5. అన్నీ సాయన లెక్కలో, అంటే మన పంచాంగంలోలా అయనాంశ తీసేయకుండా, ఇవాళ ఈ పద్ధతి వాడేవాళ్ళలో ఎక్కువమంది అలాగే వేస్తారు. రవి నుంచి చంద్రుడికి 115 డిగ్రీలు. లగ్నం నుంచి 115 ముందుకి వెళ్తే కుంభం 5, అది అదృష్ట బిందువు. 115 వెనక్కి వస్తే మిథునం 15, అది ఆత్మ బిందువు.

వాలెన్స్ మాటల్లో శరీరం, ఆరోగ్యం చూడాలంటే అదృష్ట బిందువు నుంచి వదలాలి. మనసు, పని, మనం పూనుకుని చేసేవి చూడాలంటే ఆత్మ బిందువు నుంచి. ఉద్యోగం, వృత్తి రెండో దాంట్లోకి వస్తాయి. మనం ఆత్మ బిందువు నుంచే మొదలుపెడదాం.

మొదటి దశ మిథునం, 20 ఏళ్ళు: 7,200 రోజులు. అంటే మామూలు వయసులో 19 ఏళ్ళ 8 నెలల దాకా. తర్వాత కర్కాటకం 25 ఏళ్ళు, 9,000 రోజులు, 44 ఏళ్ళ 4 నెలల దాకా. ఆ తర్వాత సింహం 19 ఏళ్ళు, 63 నిండాక ఒక నెల వరకు. ఈ పెద్ద దశలే మహాదశలు, వేయడం ఇంతే.

మహాదశ లోపల వచ్చే చిన్న దశలు అంతర్దశలు. వాటికీ అవే అంకెలు, కానీ ఏళ్ళ బదులు నెలలు. మొదటి అంతర్దశ ఎప్పుడూ మహాదశ రాశిదే. కర్కాటక మహాదశ తీసుకోండి. కర్కాటకం 25 నెలలు, సింహం 19, కన్య 20, తుల 8, వృశ్చికం 15, ధనుస్సు 12, మకరం 27, కుంభం 30, మీనం 12, మేషం 15, వృషభం 8, మిథునం 20. పక్కనే మొత్తాలు వేసుకుంటూ రండి: 25, 44, 64, 72, 87, 99, 126, 156, 168, 183, 191, 211. చివరి మొత్తం 211 రాలేదంటే ఎక్కడో కూడిక తప్పింది, మళ్ళీ వేయండి.

ఇక్కడ పెన్సిల్ ఆపండి.

పన్నెండు రాశులూ అయిపోయాయి, 211 నెలలు గడిచాయి. కర్కాటక మహాదశ 300 నెలలు కదా, ఇంకా 89 మిగిలాయి. ఇప్పుడు ఎక్కడికి వెళ్ళాలి? ఎవరైనా కర్కాటకం నుంచే మళ్ళీ మొదలుపెడతారు. వాలెన్స్ అలా చేయడు. చుట్టు పూర్తయ్యాక కాలం మొదలైన రాశికి రాదు, దానికి ఎదురు రాశికి దూకుతుంది. ఈ దూకడానికి ఆయన పెట్టిన పేరు ముడి విప్పడం. కర్కాటకానికి ఎదురు మకరం. కాబట్టి మిథునం తర్వాత మకరం 27 నెలలు, మొత్తం 238. ఆపైన మళ్ళీ వరుసే: కుంభం 30తో 268, మీనం 12తో 280, మేషం 15తో 295. వృషభానికి 8 నెలలు ఉండాలి, కానీ 5కే మహాదశ అయిపోయింది. అక్కడ గీత కొట్టేయండి. మిగిలిన మూడు నెలలు ఎక్కడికీ పోవు, అవి లేనట్టే. సింహ మహాదశ సింహంతో కొత్తగా మొదలవుతుంది.

ఈ ముడి అందరికీ, అన్ని దశల్లోనూ రాదు. 211 నెలలంటే 17 ఏళ్ళ 7 నెలలు. అంతకన్నా పొడుగు దశల్లోనే చుట్టు పూర్తవుతుంది. మిథునం, కర్కాటకం, సింహం, కన్య, మకరం, కుంభం: ఆరే. మేషం, వృషభం, తుల, వృశ్చికం, ధనుస్సు, మీనం మహాదశలు ముడి దాకా రాకుండానే ముగుస్తాయి. ఎవరి ఆత్మ బిందువు మీనంలో ఉంటే వాళ్ళు మీనం 12, మేషం 15, వృషభం 8, ఇలా ముప్పయ్యేళ్ళు దాటాక గానీ మొదటి ముడి ఉన్న దశలోకి అడుగుపెట్టరు.

మన జాతకంలో మొదటి ముడి మిథున దశలోనే ఉంది. 211ని 30తో గుణిస్తే 6,330 రోజులు, 17 ఏళ్ళ 4 నెలలు. ఇంటర్ అయ్యే వయసు. రెండోది కర్కాటకంలో: 7,200కి 6,330 కలిపితే 13,530 రోజులు, ముప్పై ఏడు నిండిన రెండు వారాలకి. ఆ తేదీ చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టండి. ఈ కాలపు అభ్యాసకులు ఆత్మ బిందువు దశల్లో అన్నిటికన్నా ముందు చూసేది ఈ సున్నాలనే. అప్పటిదాకా ఒక దారిలో నడుస్తున్న పని అక్కడ దిక్కు మార్చుకుంటుందని వాళ్ళ మాట. మార్పు మంచిదా చెడ్డదా అన్నది ముడి చెప్పదు. అది ఆ రాశినీ అందులో ఉన్న, దాన్ని చూస్తున్న గ్రహాలనీ బట్టి. అది తర్వాతి పాఠం. ఇప్పుడే ఆ టెన్షన్ పెట్టుకోవద్దు.

ఇంకో గుర్తు కూడా ఇవాళే పెట్టేద్దాం. అదృష్ట బిందువు ఉన్న రాశి నుంచి 1, 4, 7, 10 రాశులు చూడండి. కేంద్రాలు లగ్నం నుంచి కాదు, అదృష్ట బిందువు నుంచి, మర్చిపోకండి. కేంద్రం అనే మన మాటే గ్రీకు కెంట్రోన్, ఎద్దును పొడిచే ములుకు. పణపర, ఆపోక్లిమ, హోర కూడా అక్కడి నుంచి వచ్చినవే. వరాహమిహిరుడు రాశులకి క్రియ, తావురి, జితుమ అని గ్రీకు పేర్లు కూడా ఇచ్చాడు. కాబట్టి ఈ పాఠంలో మీకు పూర్తిగా పరాయిది ఏదీ లేదు.

మన జాతకంలో అదృష్ట బిందువు కుంభంలో ఉంది. కేంద్రాలు కుంభం, వృషభం, సింహం, వృశ్చికం. ఆత్మ బిందువు నుంచి వదిలిన కాలం ఈ రాశుల్లోకి వచ్చినప్పుడు మనిషి పని పదిమందికీ తెలుస్తుంది, చురుకుదనం పెరుగుతుంది. పదోది, ఇక్కడ వృశ్చికం, అన్నిటికన్నా బలమైనది. అలా చూస్తే 44 ఏళ్ళ 4 నెలలకి మొదలయ్యే సింహ మహాదశ మొత్తం శిఖరమే. కర్కాటక దశలో చిన్న శిఖరాలున్నాయి: వృశ్చిక అంతర్దశ 25 ఏళ్ళ 7 నెలల నుంచి 26 ఏళ్ళ 10 నెలల దాకా, ముడి విడిపోయాక వచ్చే రెండో కుంభ అంతర్దశ 39 ఏళ్ళ 3 నెలల నుంచి 41 ఏళ్ళ 8 నెలల దాకా. 37లో దారి మారి, 39 తర్వాత ఆ కొత్త దారిలో పేరు రావడం: ఈ జాతకంలో చదవాల్సిన కథ ఇదే.

కింది మెట్లు ఉన్నాయి. నెల తర్వాత మెట్టులో ఒక్కో అంకె రెండున్నర రోజులు, ఆ కిందది ఐదు గంటలు. పుట్టిన సమయం నిమిషాలతో సహా ఖాయంగా తెలిసినవాళ్ళకే అవి. మిగతావాళ్ళం రెండు మెట్ల దగ్గరే ఆగుదాం.

అమావాస్య, పౌర్ణమి పుట్టుకల గురించి చెప్పాలి, ఎందుకంటే వాళ్ళకి లెక్క అడ్డం తిరుగుతుంది. సరిగ్గా అమావాస్య ఘడియలో రవికీ చంద్రుడికీ దూరం సున్నా, రెండు బిందువులూ లగ్నం మీదే పడతాయి. పౌర్ణమికి దూరం 180, ముందుకెళ్ళినా వెనక్కెళ్ళినా ఏడో రాశే. రెండూ ఒకే రాశిలో పడితే అదృష్ట బిందువును అక్కడి నుంచే వదిలి, ఆత్మ బిందువును మాత్రం తర్వాతి రాశి నుంచి వదలమన్నాడు వాలెన్స్. ఇది తెలియక తమ దశలు అసలు కలవడం లేదని బాధపడేవాళ్ళు ఉంటారు. ముందు పుట్టిన తిథి చూసుకోండి.

దశలు వేశాక ముందుకి కాదు, వెనక్కి చూడండి. ఉద్యోగంలో చేరిన రోజు, మానేసిన రోజు, ఊరు మారిన నెల రాసుకుని, సున్నాల పక్కన పెట్టండి. కలిసినవీ కలవనివీ రెండూ నిజాయితీగా రాసి ఉంచండి. కలవనివి చెరిపేస్తే నేర్చుకునేది ఏమీ మిగలదు. ఇంట్లోవాళ్ళ ఆరోగ్యం, ఆయుష్షు జోలికి ఈ లెక్కతో అసలు పోకండి. నేను ఆ పాఠం చెప్పను.

వచ్చే పాఠానికి ఇంటిపని ఇది. రాత్రి పుట్టుక. లగ్నం మేషం 20 డిగ్రీలు, రవి సింహం 10, చంద్రుడు మిథునం 5. రెండు బిందువులూ కట్టండి. ఆత్మ బిందువు నుంచి మొదటి రెండు మహాదశలు రోజుల్లో వేయండి. మొదటి దశలో ముడి ఎన్నో రోజున విడిపోతుంది, ఏ రాశికి దూకుతుంది? దూకాక మొదలైన రాశి మళ్ళీ ఒకసారి ఎదురవుతుంది, అది ఎన్ని నెలల దగ్గర? చివరి అంతర్దశ ఎన్ని నెలలకే తెగిపోతుంది? రెండో మహాదశ అదృష్ట బిందువు నుంచి ఎన్నో రాశి అవుతుందో చూసి, దాని పక్కన మీ అభిప్రాయం ఒక్క వాక్యంలో రాసుకుని ఉంచండి. గ్రహాలను పెట్టి ఆ వాక్యాన్ని అప్పుడు దిద్దుదాం.