ఒక్క రోజులో ఆగ్రా: కారు, గైడ్ ఎలా మాట్లాడుకోవాలి, ఎక్కడ ఎంతసేపు ఉండాలి

టికెట్లు బుక్ చేసే ముందు క్యాలెండర్‌లో శుక్రవారం ఎక్కడుందో చూసుకోండి. శుక్రవారం తాజ్‌మహల్ మూసేస్తారు, ఆవరణలో ఉన్న మసీదులో నమాజు ఉంటుంది కాబట్టి. ఇది తెలియనివాళ్లు ఉంటారా అనుకోకండి. మా మేనమామ గురువారం రాత్రి ఢిల్లీలో దిగి, శుక్రవారం పొద్దున్నే ఆగ్రాకి కారు మాట్లాడేసుకున్నాడు. కారు అతను చెప్పలేదు, చెబితే బేరం పోతుందిగా మరి. ఆగ్రా కోట శుక్రవారం కూడా తెరిచే ఉంటుంది కాబట్టి అది చూసి, తాజ్‌ని దూరం నుంచి చూసి వచ్చేశారు.

మన వైపు నుంచి రైల్లో వెళ్లేవాళ్లకి ఒక మాట. తెలంగాణ ఎక్స్‌ప్రెస్, దక్షిణ్, విశాఖ నుంచి వెళ్లే ఏపీ ఎక్స్‌ప్రెస్ ఢిల్లీకి పోయే దారిలో ఆగ్రా కంటోన్మెంట్‌లో ఆగుతాయి, అందరూ కాంట్ అంటారు. ఢిల్లీలో పెద్దగా పని లేకపోతే అక్కడే దిగిపోయి, కారు, గైడ్‌ని ఆగ్రాలోనే మాట్లాడుకోవచ్చు. కానీ ఎక్కువమంది చేసేది ఢిల్లీలో ఉండి ఒక రోజులో వెళ్లొచ్చేయడం, అందుకే ఇక్కడ చెప్పేది ప్రధానంగా దాని గురించే.

కారులో వెళ్తే గ్రేటర్ నోయిడా దగ్గర యమునా ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కుతారు. 2012లో తెరిచిన రోడ్డు, 165 కిలోమీటర్లు, నున్నగా ఉంటుంది. అయినా దక్షిణ ఢిల్లీలో మీ హోటల్ గుమ్మం నుంచి తాజ్ పార్కింగ్ దాకా మూడున్నర గంటలు లెక్కేసుకోండి. రైలయితే గతిమాన్ ఎక్స్‌ప్రెస్ ఉంది, నిజాముద్దీన్ స్టేషన్‌లో పొద్దున్న ఎనిమిది దాటాక బయల్దేరి 100 నిమిషాల్లో ఆగ్రాలో దింపుతుంది, అది కూడా శుక్రవారం నడవదు. పెద్దవాళ్లతో వెళ్తే నేను రైలుకే ఓటేస్తాను, బాత్రూమ్ కోసం దారిలో ఎక్కడ ఆపాలా అన్న టెన్షన్ ఉండదు, ఆగ్రాలో కారు ఒక్క రోజుకి చాలు. చంటిపిల్లలుంటే కారే నయం. డిసెంబర్ చివర, జనవరిలో మాత్రం రెండూ కష్టమే: పొగమంచుకి రైళ్లు గంటల కొద్దీ ఆలస్యం అవుతాయి, ఎక్స్‌ప్రెస్‌వే మీద ముందు బండి కనబడదు, అన్నీ దాటుకుని వెళ్తే పది గంటలకి కూడా తాజ్ తెల్లటి తెర వెనకే ఉంటుంది. అక్టోబర్ చివర నుంచి నవంబర్, మళ్లీ ఫిబ్రవరి, మార్చి మొదట్లో వెళ్లండి. మే, జూన్ నెలల్లో ఆ పాలరాయి మీద ఉత్తి కాళ్లతో నడిచి చూస్తే మన రెంటచింతల ఎండ గుర్తొస్తుంది.

ఇక బేరం. కారు రేటు అడిగినప్పుడు ఒక అంకె చెప్తారు, అది చూసి సంతోషపడకండి. టోల్, పార్కింగ్, ఉత్తరప్రదేశ్‌లోకి వెళ్లేటప్పుడు కట్టే స్టేట్ ట్యాక్స్, డ్రైవర్ బత్తా, రాత్రి ఆలస్యమైతే నైట్ ఛార్జ్, ఇవన్నీ కలిపా, విడిగానా అని ఒక్కొక్కటి పేరు పెట్టి అడగండి, వచ్చిన జవాబుని వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాట సాయంత్రానికి మారిపోతుంది. అదే మెసేజ్‌లో ఏమేం చూడాలో వరుసగా రాసి, చివర్లో "దుకాన్ పే నహీ జానా హై భయ్యా" (షాపులకి వెళ్లేది లేదు అన్నా) అని కూడా రాయండి. ఈ ఒక్క వాక్యం ఎందుకో చెప్తాను.

మొదటిసారి అమ్మానాన్నలతో వెళ్లినప్పుడు కారు, గైడ్ ఒకే మనిషి దగ్గర ప్యాకేజీగా తీసుకున్నాం, బాగా చవగ్గా వచ్చింది. తాజ్ చూశాక "పది నిమిషాలు, పాలరాతి పని ఎలా చేస్తారో చూపిస్తా, కొనక్కర్లేదు" అన్నాడు గైడ్. తాజ్ కట్టినవాళ్ల వారసులట, గవర్నమెంటు ఎంపోరియం అట. ఒకాయన రాళ్లు సానబట్టే చక్రం తిప్పి చూపించాడు, టీ ఇచ్చారు, తర్వాత పక్క గదిలోకి తీసుకెళ్లారు, ఆ గది తర్వాత ఇంకో గది, అందులో చీరలు. అమ్మ మొహమాటానికి ఒక చిన్న పెట్టె కొంది. గంటన్నర పోయింది. కోటకి చేరేసరికి నాన్నకి నడిచే ఓపిక లేదు, సగం చూసి వచ్చేశాం. ఆ పెట్టె ఇంటికొచ్చాక గోరుతో గీస్తే గీత పడింది, అంటే పాలరాయి కాదు, మెత్తటి బలపపు రాయి. అసలు పాలరాయి గోటికి లొంగదు, వెనక నుంచి ఫోన్ టార్చి వేస్తే వెలుతురు లోపలికి పాకుతుంది.

ఆ చవక ప్యాకేజీకి మిగతా డబ్బు ఆ షాపు కమీషన్‌లో వస్తుందని తర్వాత తెలిసింది. అందుకే కారు ఒకచోట, గైడ్ ఇంకోచోట మాట్లాడుకోండి. గైడ్‌తో ఫోన్‌లోనే చెప్పేయండి, షాపింగ్ వద్దు, దానికి బదులు మీరడిగిన దానికన్నా కొంచెం ఎక్కువే ఇస్తాను అని. ఆ మాటకి ఒప్పుకున్న గైడ్ రోజంతా హాయిగా ఉంటాడు, అతనికీ మనం ఎప్పుడు కొంటామా అన్న గోల ఉండదు. రేటు మనిషికా, గ్రూపుకా, సగం రోజుకా, మొత్తం రోజుకా అడగండి. డబ్బు చివర్లోనే ఇవ్వండి. కేంద్ర పర్యాటక శాఖ గానీ యూపీ పర్యాటక శాఖ గానీ ఇచ్చిన లైసెన్సు కార్డు చూపించమంటే మంచి గైడ్ ఏమీ అనుకోడు. పార్కింగ్ దగ్గర కారు ఆగీ ఆగకముందే తలుపు పట్టుకుని "సార్, గవర్నమెంట్ గైడ్" అనేవాళ్లని ఆగ్రాలో లప్కాలు అంటారు. వాళ్లతో మాట కలపకండి, "హమారా గైడ్ హై" (మాకు గైడ్ ఉన్నాడు) అనేసి నడుస్తూ పొండి.

భాష సంగతి కూడా ముందే చూసుకోవాలి. తెలుగులో చెప్పే గైడ్ ఆగ్రాలో దొరకడం అరుదు, హిందీ లేదా ఇంగ్లిష్. మా అమ్మకి హిందీ రాదు, నేను అనువాదం చేస్తుంటే గైడ్ మధ్యలో షాయరీలు అందుకునేవాడు, "ఏమన్నాడురా" అని అమ్మ, "ఏదో బాగుందిలే" అని నేను. రెండోసారి వెళ్లినప్పుడు గైడ్‌కి ముందే చెప్పాను, రెండు వాక్యాలు చెప్పి ఆగు, నేను చెప్పాక మళ్లీ చెప్పు, కవిత్వం వద్దు అని. అమ్మకి కథంతా అర్థమైంది.

టికెట్లు పురావస్తు శాఖ వెబ్‌సైట్‌లో ముందే కొనుక్కోండి. తాజ్‌కి భారతీయులకి 50 రూపాయలు, సమాధి ఉన్న ప్రధాన కట్టడం లోపలికి వెళ్లాలంటే ఇంకో 200. విదేశీయులకి 1100, దానిపైన ఆ 200. పదిహేనేళ్ల లోపు పిల్లలకి ఉచితం. రేట్లు మారుతుంటాయి, కొనేటప్పుడు ఒకసారి చూసుకోండి. అమెరికా నుంచి వచ్చిన మనవాళ్లకి ముఖ్యమైన విషయం: విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకి ఇచ్చే ఓసీఐ కార్డు ఉంటే భారతీయుల రేటే వర్తిస్తుందని 2021లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. కానీ కార్డు చేతిలో ఉండాలి, హోటల్ లాకర్‌లో పెట్టి వస్తే వెయ్యి రూపాయలు ఎక్కువ కట్టాలి.

బ్యాగు చిన్నది తీసుకెళ్లండి. తినే వస్తువులు, సిగరెట్లు, లైటర్, ట్రైపాడ్ లోపలికి రానివ్వరు, నీళ్ల సీసా ఫర్వాలేదు. పులిహోర డబ్బా కారులోనే వదిలేయండి, సెక్యూరిటీ వాళ్ల ముందు దాన్ని తిప్పి చూపించిన అనుభవం మాది. కారు తాజ్ దాకా పోదు, కాలుష్యం వల్ల పెట్రోలు బండ్లని దగ్గరికి రానివ్వరు, తూర్పు వైపు శిల్ప్‌గ్రామ్ పార్కింగ్‌లో దిగి బ్యాటరీ బండి ఎక్కాలి. లోపలికి తూర్పు గేటు, పడమర గేటు రెండే. ఎక్స్‌ప్రెస్‌వే నుంచి వచ్చేవాళ్లకి తూర్పు గేటు సులువు.

సూర్యోదయం చూడాలన్న కోరిక ఉంటే ముందు రోజు రాత్రే ఆగ్రాలో పడుకోవాలి. ఢిల్లీ నుంచి రాత్రి రెండింటికి లేచి వెళ్లి చూసేంత లేదని నా అభిప్రాయం, మధ్యాహ్నానికి అందరూ కారులో తూలుతుంటారు. అయిదింటికి బయల్దేరి ఎనిమిదిన్నరకి గేటు దగ్గర ఉంటే చాలు. లోపల మూడు గంటలే ఉండనిస్తారు, అది సరిపోతుంది.

తాజ్‌లో గైడ్ మొదటి ముప్పావు గంట చాలు. ఎర్రరాతి పెద్ద ద్వారం దగ్గర ఆగి, దాని మీదున్న ఖురాన్ అక్షరాలు చూడమంటాడు, కింద నుంచి పైదాకా ఒకే సైజులో కనిపిస్తాయి, నిజానికి పైకి పోయేకొద్దీ పెద్దవిగా రాశారు. రాసినాయన అమానత్ ఖాన్, పని మీద సంతకం పెట్టే అనుమతి దొరికిన మనిషి. తర్వాత మీనార్లు కొంచెం బయటికి వాలి ఉండటం, పాలరాయిలో పొదిగిన పూలు, ఆ పూలలోని ఎర్రటి రాయి మీద టార్చి వేస్తే నిప్పులా వెలగడం, ఇవి చూపించాలి. ముంతాజ్ 1631లో బుర్హాన్‌పూర్‌లో పద్నాలుగో కాన్పులో పోయింది, మరుసటి ఏడాది తాజ్ పని మొదలైంది. లోపల అంతా కుడి ఎడమలు సమానంగా ఉంటాయి, ఒక్క షాజహాన్ సమాధి తప్ప, ఆయన్ని తర్వాత ఆమె పక్కన చేర్చారు. మనకి కనిపించేవి ఉత్తుత్తివి, అసలు సమాధులు కింది గదిలో ఉన్నాయి. కూలీల చేతులు నరికించాడన్న కథ మొదలుపెడితే వినండి గానీ నమ్మకండి, దానికి ఆధారం లేదు. ఇవయ్యాక గైడ్‌ని గేటు బయట టీ తాగమని పంపేయండి. ఆ తర్వాత మీరు, మీవాళ్లు, తోటలో ఒక బెంచీ. అక్కడ ఎవరూ ఏమీ చెప్పకూడదు.

ఫొటోగ్రాఫర్‌ని పెట్టుకుంటే ఫొటో రేటు, ఎన్ని కొంటారో ముందే చెప్పండి, లేకపోతే ఎనభై తీసి ఎనభై కొనమంటాడు. పెద్దవాళ్లకి మెట్లు కష్టమైతే ఆ 200 టికెట్ వాళ్లకి కొనకండి, తోటలో నుంచి చూసినా వాళ్లకి తక్కువేం కాదు. లోపల ఫొటోలు తీయనివ్వరు కూడా.

గైడ్ అసలు పనికొచ్చేది కోటలో. మనవాళ్లు ఎక్కువగా వదిలేసేదీ అదే. బోర్డులు అంతంత మాత్రం, గైడ్ లేకపోతే గోడలు చూసి వచ్చేస్తారు. అక్బర్ 1565లో మొదలుపెట్టిన ఎర్రరాతి కోట, అమర్ సింగ్ గేటు నుంచి ఎక్కుతూ వెళ్తారు, ఎక్కువ భాగం ఇప్పటికీ సైన్యం చేతిలో ఉంది. మోటుగా ఒక గుర్తు పెట్టుకోండి: ఎర్రరాయి అక్బర్ కాలం, పాలరాయి షాజహాన్ కాలం. తిరుగుతూ పోతే ముసమ్మన్ బుర్జ్ వస్తుంది, యమున మీదికి చూసే పాలరాతి మేడ. ఔరంగజేబు 1658లో తండ్రి షాజహాన్‌ని ఈ కోటలోనే బంధించాడు, 1666లో చనిపోయేదాకా కూతురు జహనారా తోడుగా ఆయన ఇక్కడే ఉన్నాడు. పొద్దున మీరు తిరిగొచ్చిన తాజ్ అక్కణ్నుంచి వేలంత కనిపిస్తుంది. దివాన్-ఇ-ఖాస్ అనే ఆంతరంగిక దర్బారు దగ్గరికొచ్చినప్పుడు గైడ్ నెమలి సింహాసనం గురించి చెప్తాడు, కోహినూర్ దాకా వస్తాడు. మీరు అతనికి ఒక పేరు చెప్పండి: జగన్నాథ పండితరాయలు. రసగంగాధరం రాసిన మన కోనసీమ ముంగండ పండితుడు, షాజహాన్ కొలువులో ఉండి ఆ బిరుదు తెచ్చుకున్నాడు. మా గైడ్ ఇది ఎప్పుడూ వినలేదన్నాడు, పేరు చిన్న డైరీలో రాసుకున్నాడు. కోటకి రెండు గంటలు పెట్టుకోండి, తక్కువ వద్దు.

భోజనం సదర్ బజార్ వైపు ఎక్కడైనా కానివ్వండి. మీరు ముందు రోజే ఆగ్రా చేరి ఉంటే పొద్దున్న బేడయీ (పప్పు కూరిన పూరీ), ఆలూ కూర, జిలేబీ తినండి. పేఠా అంటే మన వడియాలు పెట్టే బూడిద గుమ్మడికాయే, పాకంలో వేసి తీస్తారు. ఎక్కడ కొనాలో డ్రైవర్‌ని అడగొద్దు, కారణం మీకు తెలుసు.

ఫతేపూర్ సిక్రీ కూడా అదే రోజు కలిపేస్తామని ప్యాకేజీవాళ్లు ఊరిస్తారు. ఊరికి పడమర ముప్పై అయిదు కిలోమీటర్ల పైన ఉంది, మీరు వెనక్కి వెళ్లాల్సింది ఇంకో వైపు. అక్కడి పెద్ద ద్వారం బులంద్ దర్వాజా కింద నిలబడితే నిజంగా మెడ నొప్పెడుతుంది, చూడాల్సిందే, కానీ రాత్రి ఆగ్రాలో ఉండేవాళ్లు మాత్రమే. ఒక రోజు వాళ్లు దాని బదులు యమున దాటి ఇతిమాద్-ఉద్-దౌలా సమాధికి వెళ్లండి. నూర్జహాన్ తండ్రి కోసం 1622 నుంచి 1628 దాకా కట్టించింది, తాజ్ కన్నా ముందే పూర్తిగా పాలరాయిలో రాళ్లు పొదిగిన పని. జనం తక్కువ, గోడకి ముక్కు ఆనించి చూసుకోవచ్చు. అది ఎక్స్‌ప్రెస్‌వే ఉన్న ఒడ్డునే ఉంది, మళ్లీ ఊళ్లోకి రానక్కర్లేదు.

అదే ఒడ్డున మెహతాబ్ బాగ్ అనే తోట. షాజహాన్ నల్ల తాజ్ కట్టాలనుకున్న చోటు ఇదే అంటారు, తవ్వి చూస్తే అలాంటి ఆనవాలేమీ దొరకలేదు. పొద్దు గుంకే గంట ముందు చేరుకుంటే నది అవతల తాజ్ రంగు మారుతూ కనిపిస్తుంది, జనం తోపులాట లేదు. అక్కడే గైడ్ లెక్క తేల్చి పంపించేయండి. డ్రైవర్ తెల్లవారుజామున లేచిన మనిషి, ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కక ముందే అతనికి అన్నం పెట్టించి, టీ తాగించి, పదిహేను నిమిషాలు సీటు వెనక్కి వాల్చి పడుకోమనండి, ముందు సీట్లో కూర్చునే వాళ్లు మాత్రం ఢిల్లీ దాకా నిద్రపోకుండా అతనితో ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి.