గబ్బిలానికి శాస్త్రీయ నామం తప్పు లేకుండా రాయాలంటే

ముందు కుటుంబం తేల్చుకోవాలి, జాతి పేరు ఆ తరవాత. ఫొటో చూసి నేరుగా జాతికి దూకితే ఆ రికార్డు ఎందుకూ కొరగాదు. ఇంకొక మాట: ఉత్త చేతుల్తో గబ్బిలాన్ని ముట్టుకోవద్దు. కరిస్తే జబ్బులు సోకవచ్చు. అనుమతి, తోలు గ్లవ్స్ రెండూ ఉన్నవాళ్లే పట్టుకోవాలి.

ముఖం చూడండి. పెద్ద కళ్లు, రెండో వేలికి గోరు, ముక్కు మీద ఆకు (ఆకులాంటి చర్మపు మడత) లేకపోవడం: ఇది పండ్లు తినే టెరోపోడిడే కుటుంబం. (ఇయోనిక్టెరిస్ ప్రజాతికి, అంటే ఆ కుటుంబంలోని ఒక జాతుల గుంపుకు, మాత్రం ఆ గోరుండదు.) ముక్కు మీద ఆకు ఉంటే జాగ్రత్త, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. వెనక ఆకు కొన మొనదేలి, మధ్యలో ఒక బొడిపె ముందుకు పొడుచుకొస్తే రైనోలోఫిడే. బొడిపె లేకుండా వెనక ఆకు గుండ్రంగా ఉంటే హిప్పోసిడెరిడే. ఇంకా అనుమానముంటే కాలివేళ్ల ఎముకలు లెక్కించండి. హిప్పోసిడెరిడేలో ప్రతి వేలికీ రెండే. రైనోలోఫిడేలో బొటనవేలికి రెండు, మిగతావాటికి మూడు.

ముఖం సాదాగా ఉంటే తోక చూడాలి. తోక, కాళ్ల మధ్య ఉండే పొరను పైవైపు పొడుచుకొని బయటికొస్తే ఎంబల్లోనూరిడే, పొర అంచు దాటి లావుగా సాగితే మొలోసిడే, దాదాపు పూర్తిగా పొరలోనే ఉంటే వెస్పర్టిలియోనిడే.

తరవాత రెక్క ముడిచి, మోచేతి నుంచి మణికట్టు దాకా ముంజేతిని, దవడల మధ్య పట్టి కొలిచే కాలిపర్స్‌తో మిల్లీమీటర్లలో కొలవండి. అంతకుముందు రెక్కను వెలుతురుకెదురుగా పట్టి వేళ్ల కణుపులు చూడాలి. కణుపు దగ్గర వెలుతురు దూరే సందు కనిపిస్తే అది పిల్ల. పిల్ల కొలతతో గుర్తింపు సూచిక (లక్షణాలు ఒక్కొక్కటే పోల్చుకుంటూ జాతిని తేల్చే పట్టిక) పట్టుకుంటే వేరే జాతి దగ్గర తేలతాం.

దక్షిణాసియా గబ్బిలాలకు ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన శ్రీనివాసులు, ఆయనతో కలిసి రేసీ, మిస్త్రీ 2010లో ప్రచురించిన సూచిక చాలా మంచిది. అయితే అది జంతువును చూపిస్తుంది, పేరును మాత్రం ఇప్పటి జాబితాతో సరిచూడాలి. ఊళ్లలో మర్రిచెట్లకు వేలాడే పెద్ద గబ్బిలాన్ని చాలాకాలం టెరోపస్ జైగాంటియస్ అన్నారు. బ్రూనిష్ 1782లో పెట్టిన ఆ పేరు, లినేయస్ 1758లోనే వాంపైరస్ అని పేరుపెట్టిన వేరే జాతిదేనని మ్లికోవ్‌స్కీ 2012లో చూపించాడు. దాంతో మన గబ్బిలానికి టెమ్మింక్ 1825లో ఇచ్చిన పేరు దక్కింది: టెరోపస్ మీడియస్ టెమ్మింక్, 1825.

ఇక బ్రాకెట్లు. జాతి పేరు చివర దాన్ని మొదట వర్ణించినవాడి పేరు, సంవత్సరం రాస్తారు. వర్ణించినవాడు పెట్టిన ప్రజాతే ఇప్పటికీ ఉంటే అతని పేరుకు బ్రాకెట్ వద్దు. ప్రజాతి మారితే తప్పనిసరి. జెఫ్రాయ్ 1810లో మెగాడెర్మా లైరా అన్నాడు. అది లైరోడెర్మాలోకి మారింది కాబట్టి లైరోడెర్మా లైరా (జెఫ్రాయ్, 1810) అని రాయాలి. వెస్పర్టిలియోగా మొదలైన సైనోప్టెరస్ స్ఫింక్స్ (వాల్, 1797) కూడా అంతే. ప్రజాతి, జాతి పేర్లు వాలు అక్షరాల్లో ఉండాలి, చేత్తో రాస్తే కింద గీత గీయాలి. కుటుంబం పేరుకు, వర్ణించినవాడి పేరుకు రెండూ అక్కర్లేదు.