క్రిస్మస్ వైన్‌లో చక్కెర ఎంత? షుగర్ ఉన్న ఇళ్లకు లెక్క

డిసెంబరు చివరికి బెంగళూరులో తెలుగు క్రైస్తవుల ఇళ్లు చాలావాటిలో ద్రాక్ష వైన్ జాడీ మూత తీస్తారు. ఇన్సులిన్ వేసుకునేవారు, షుగర్ మాత్రలు మింగేవారు వద్దంటే వచ్చే జవాబు ఒకటే: "బాగా పులిసింది కదా పెద్దమ్మా, చక్కెరంతా ఈస్టే తినేసి ఉంటుంది, తాగండి." ప్రేమతో అనే మాటే, కానీ తప్పు.

ఇళ్లలో తరచుగా వేసే కొలతలు చూడండి. కిలో బెంగళూరు బ్లూ ద్రాక్ష, కిలో చక్కెర, లీటరున్నర నీళ్లు, గుప్పెడు గోధుమలు, చెంచా ఈస్ట్, లవంగాలు, దాల్చినచెక్క. కిలో పళ్ల నుంచి దాదాపు 650 మి.లీ. రసం వస్తుంది, అందులో 100 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. మనం పోసిన కిలో చక్కెర కరిగాక 620 మి.లీ. చోటు ఆక్రమిస్తుంది. మొత్తం 2.77 లీటర్లలో 1100 గ్రాములు, అంటే లీటరుకు 400 గ్రాములకు కొంచెం తక్కువ. ఒక్క శాతం ఆల్కహాల్ తయారవడానికి ఈస్ట్ తినేది లీటరుకు సుమారు 17 గ్రాములు. 12 శాతం దాకా పులిసినా 204 గ్రాములే ఖర్చవుతాయి, 190 పైన మిగిలిపోతాయి. అంత తీపిలో బేకరీ ఈస్ట్ 8 శాతం దగ్గరే చతికిలబడితే మిగిలేది 260. ఆపైన రంగు కోసం మాడ్చిన చక్కెర పాకం పోస్తే అదీ కలుపుకోవాలి.

అంటే 60 మి.లీ.కి 12 నుంచి 16 గ్రాములు. నిండు గ్లాసు, 150 మి.లీ. అయితే 30 నుంచి 40 గ్రాములు, రెండు చపాతీలకు తక్కువ కాదు. తీపి లేని డ్రై వైన్‌లో అదే గ్లాసుకు చక్కెర 1 గ్రాము దగ్గరే ఉంటుంది.

కొలతలు తెలియని వైన్, పక్కింటివారు పంపిన సీసా అయితే హైడ్రోమీటర్, అంటే ద్రవంలో తేలి దాని సాంద్రత చూపే గాజు గొట్టం, కావాలి. 0.990 నుంచి 1.160 దాకా గీతలున్నది తీసుకోండి. పాల లాక్టోమీటర్ పనికిరాదు, దాని గీతలు 40 దగ్గరే ఆగిపోతాయి. వైన్‌లో నేరుగా ముంచితే మోసపోతాం: నీటికన్నా తేలికైన ఆల్కహాల్ అంకెను కిందికి లాగి, చక్కెర తక్కువున్నట్టు చూపిస్తుంది. అందుకే ముందు దాన్ని తరిమేయాలి. పాకం అడుగున దిగి ఉంటుంది కనుక సీసా బాగా కలిపి, వడగట్టి, 200 మి.లీ. కొలిచి వెడల్పు గిన్నెలో సన్నని సెగమీద సగమయ్యేదాకా మరగనివ్వండి. కిటికీలు తెరిచి ఉంచండి, ఆ ఆవిరికి మంట అంటుకుంటుంది. చల్లారాక నీళ్లు కలిపి సరిగ్గా మళ్లీ 200 మి.లీ. చేయండి. చాలామంది తప్పేది ఇక్కడే, నీళ్లు తగ్గితే చక్కెర ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. హైడ్రోమీటర్‌మీద రాసిన ఉష్ణోగ్రత, ఎక్కువగా 20 డిగ్రీలు, దగ్గరికి వచ్చాక ముంచి చూడండి.

1.085 వచ్చిందనుకోండి. చివరి 85ను 2.6తో గుణిస్తే 221. ఆమ్లాలు, గ్లిసరాల్ వంటి చక్కెర కాని వాటికి 20 తీసేస్తే లీటరుకు దాదాపు 200 గ్రాములు, 60 మి.లీ.కి 12. ఆ 20 తీసేయడం మరవకండి. ఎక్కువ లెక్కకు ఎక్కువ ఇన్సులిన్ వేసుకోవడం వైన్‌తో మరీ ప్రమాదం. గ్లూకోమీటర్ స్ట్రిప్‌మీద వైన్ చుక్క వేసి చూడటం మాత్రం వద్దు. ఈస్ట్ గ్లూకోజ్‌ను ముందు తింటుంది, మిగిలేది ఎక్కువగా ఫ్రక్టోజ్, దాన్ని ఆ స్ట్రిప్ గుర్తించదు.

వచ్చే ఏడాదికి మా సలహా: కిలో ద్రాక్షకు 250 గ్రాముల చక్కెర, లీటరు నీళ్లు. లీటరుకు 195 గ్రాములే పడతాయి కనుక మంచి వైన్ ఈస్ట్ దాదాపు అంతా తినేస్తుంది. పులియడం ఆగాక, మరిగించకుండానే, అంకె 1.000 కన్నా కిందికి దిగితే డ్రై అయినట్టే. చక్కెర తక్కువున్న ఈ వైన్‌ను తీపి కాపాడదు కాబట్టి జాడీ, గరిటె వేడినీళ్లతో కడిగి ఆరబెట్టాలి, వడగట్టాక సీసాలు మెడదాకా నింపాలి. గాలి తగిలితే వెనిగర్ అవుతుంది.

ప్రభు రాత్రి భోజనపు చిన్న గిన్నెలో 10 మి.లీ. తీపి వైన్ ఉన్నా 2 గ్రాములే, దానికి దిగులు పడక్కర్లేదు. పిల్లలకిచ్చే పులియని ద్రాక్షరసం మాత్రం 100 మి.లీ.కి 15 గ్రాములు, తప్పక లెక్కించాలి.

అసలు భయం అర్ధరాత్రి ఆరాధన తర్వాత. ఎప్పుడో ఏడింటికి తిన్న కడుపుతో ఒంటిగంటకు వైన్ తాగితే మొదట రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఆ తర్వాత ఆల్కహాల్ కాలేయాన్ని గ్లూకోజ్ తయారు చేయనివ్వదు కనుక తెల్లవారుజామున ఆ చక్కెర బాగా పడిపోవచ్చు. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లైక్లజైడ్ వంటి షుగర్ మాత్రలు వాడేవారికి ఇది మరీ ఎక్కువ. వైన్ తాగవచ్చో లేదో, తాగితే డోసు ఎంతో ముందే డాక్టరును అడగండి. ఆల్కహాల్ కేలరీలకు ఇన్సులిన్ లెక్కించకండి. ఏదైనా తిని, సిరప్ సీసాతో వచ్చే చిన్న కొలత కప్పుతో కొలిచి తాగండి. పడుకునే ముందు ఒకసారి, లేవగానే ఒకసారి షుగర్ చూసుకోండి. తూలడం, మాట తడబడటం చూసి మత్తు అనుకోకండి, వెంటనే పరీక్షించండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇచ్చి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడండి. మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.