పొగాకు పైపుకు ఏ జిగురు, ఎక్కడ

చేత్తో చెక్కే పైపుకు జిగురు ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది అతుకు ఎంత వేడెక్కుతుందన్నది. జిగురు బలం సంగతి ఆ తర్వాతే. పొగాకు నింపే గిన్నె లోపల నిప్పు వందల డిగ్రీల్లో ఉంటుంది. అక్కడ ఏ జిగురు పెట్టినా మాడుతుంది, ఆ పొగ నేరుగా నోట్లోకే వస్తుంది. అందుకే గిన్నెను ఒకే దిమ్మెలోంచి తొలవాలి. లోపలి గోడలో పగులు కనిపిస్తే పూడ్చి వాడకండి, ఎంత అందమైన బ్రయర్ (పైపులు చెక్కే గట్టి చెక్క) అయినా సరే పక్కన పెట్టేయండి.

గిన్నె నుంచి నోటి ముక్క వైపు వెళ్లే కాడ చివర కొమ్ము ఉంగరమో, వెదురు ముక్కో, వేరే రంగు చెక్కో అతకాలంటే ఎపాక్సీ వాడండి, అంటే రెజిన్, హార్డెనర్ అనే రెండు భాగాలు కలిపి వాడే జిగురు. ఐదు నిమిషాల రకం వద్దు, అది తక్కువ వేడికే మెత్తబడుతుంది. 24 గంటలు ఆరనిచ్చే రకం తీసుకోండి. చెక్కపనికి వాడే తెల్లటి పీవీఏ జిగురు వేడి, తేమ కలిసిన చోట నిలవదు. పాలీయురేథేన్ జిగురు నురగలా పొంగి పొగదారిని మూసేస్తుంది.

అతికే రెండు ముఖాలనూ 120 నంబరు ఉప్పు కాగితంతో గరుకు చేసి, పొడి దులపండి. రోజ్‌వుడ్ లాంటి నూనె చెక్కనైతే అసిటోన్‌తో తుడిచి, అది ఆరగానే అతకాలి. ఆలస్యమైతే నూనె మళ్లీ పైకి ఊరుతుంది. యాక్రిలిక్‌కు మాత్రం అసిటోన్ తగలనివ్వకండి, సన్నటి పగుళ్లు వస్తాయి. దానికి సబ్బునీళ్లు చాలు. రెజిన్, హార్డెనర్ ప్యాకెట్ మీద రాసిన పాళ్లలోనే కలపాలి. హార్డెనర్ ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడదు సరికదా, అతుకు బలహీనమవుతుంది.

ఎక్కువ పైపులు పాడయ్యేది పొగదారిలోకి జిగురు కారడం వల్లే. దారి 4 మిల్లీమీటర్లయితే అదే సైజు డ్రిల్ బిట్ తీసుకుని, దాని నున్నటి వెనకభాగానికి మైనం దట్టంగా పట్టించి, రెండు ముక్కల్లోంచీ దూర్చి ఉంచండి. ముక్కలు వరసలో నిలబడతాయి కూడా. కలపగా మిగిలిన ఎపాక్సీని పుల్లతో తాకి చూస్తుండండి. దారంలా సాగే దశకు రాగానే బిట్‌ను మెలితిప్పుతూ లాగేయండి. ఇంకా పల్చగా ఉండగా లాగితే జిగురు లోపలికి జారుతుంది. మర్నాటిదాకా వదిలేస్తే బిట్ ఊడిరాదు. గట్టిగా బిగించకండి, జిగురంతా బయటికి పోయి అతుకు బలహీనమవుతుంది. రబ్బరు బ్యాండు పట్టు సరిపోతుంది.

నోటి ముక్కలోకి డెల్రిన్ (నున్నటి గట్టి ప్లాస్టిక్) టెనన్‌ను, అంటే నోటి ముక్కను కాడకు కలిపే గొట్టాన్ని, అతికేటప్పుడు జాగ్రత్త, డెల్రిన్‌కు ఏ జిగురూ సరిగా అంటదు. దాని చుట్టూ మరలాంటి గాడులు కోయండి. ఎపాక్సీ వాటిలో నిండి గట్టిపడి పట్టేస్తుంది. కాడలోకి వెళ్లే రెండో కొసకు జిగురు రాయనే కూడదు, శుభ్రం చేయడానికి అది ఊడి రావాలి.

సూపర్ గ్లూ పెళుసు, దాన్ని అతుకులకు వాడొద్దు. గిన్నె బయట చెక్కలో సహజంగా ఉండే చిన్న ఇసుక గుంటలు పూడ్చడానికి బాగుంటుంది. ముందు సూదితో లోతు చూసి, గుంట లోపలిదాకా పోలేదని తేల్చుకోండి. బ్రయర్ పొడి నొక్కి, పైన ఒక్క చుక్క వేయండి. ఆరాక చుట్టూ అంటిన పొర పూర్తిగా పోయేదాకా రుద్దాలి. లేకపోతే అక్కడ రంగు పట్టక గుంట చుట్టూ పాలిపోయిన మచ్చ మిగులుతుంది.