గిట్‌హబ్ యాక్షన్స్‌లో సీ ప్లస్ ప్లస్ బిల్డ్‌కి క్యాష్ పెట్టుకోవడం

సీఐ అంటే కోడ్ మారిన ప్రతిసారీ బిల్డ్, టెస్టులు వాటంతటవే నడిచే ఏర్పాటు. వాటిని నడిపే గిట్‌హబ్ మెషీన్, అంటే రన్నర్, ప్రతిసారీ ఖాళీదే. ఒక్క లైన్ మార్చినా ప్రాజెక్ట్ అంతా మొదటినుంచీ కంపైల్ అవుతుంది. దీనికి చాలామంది బిల్డ్ ఫోల్డర్‌నే దాచి పెడతారు, కానీ అది కలిసిరాదు. గిట్ చెకౌట్ చేయగానే సోర్స్ ఫైళ్లన్నిటికీ అప్పటి టైమే పడుతుంది. మేక్, నింజా లాంటి బిల్డ్ టూల్స్ చూసేది ఆ టైమే కాబట్టి ఆబ్జెక్ట్ ఫైళ్లన్నీ పాతబడ్డాయనుకుని మళ్లీ మొదలుపెడతాయి. ఒకసారి కంపైల్ చేసిన ఫలితాన్ని దాచి మళ్లీ ఇచ్చే సీ-క్యాష్ అనే టూల్ అలా కాదు. ఫైల్‌లో ఏముంది, కంపైలర్‌కి ఏ ఆప్షన్లు ఇచ్చాం అన్నది హ్యాష్ చేసి, అంటే వాటి నుంచి ఒక చిన్న గుర్తు లెక్కగట్టి చూస్తుంది.

ఉబుంటు రన్నర్‌లో ఆప్ట్‌తో సీ-క్యాష్ ఇన్‌స్టాల్ చేయండి. సీమేక్ కాన్ఫిగర్ చేసేటప్పుడు సీ, సీ ప్లస్ ప్లస్ రెండిటికీ కంపైలర్ లాంచర్‌గా (కంపైలర్‌ని పిలిచే ప్రోగ్రామ్‌గా) దాన్నే ఇవ్వండి. సీ-క్యాష్ ఫోల్డర్‌ని వర్క్‌స్పేస్‌లోనే ఉంచి, గరిష్ఠ సైజు 500 ఎంబీకి తగ్గించండి. మామూలుగా అది 5 జీబీ. సీ-క్యాష్‌లో కంపైలర్ చెక్ సెట్టింగ్‌ని 'కంటెంట్'కి మార్చడం మర్చిపోవద్దు. లేకపోతే కంపైలర్ ఫైల్ టైమ్ చూస్తుంది. రన్నర్ ఇమేజ్ అప్‌డేట్ అయిన రోజు, కంపైలర్ అదే అయినా, క్యాష్ మొత్తం వృథా అయ్యే ప్రమాదం ఉంది.

ఎక్కువ మంది బోల్తా పడేది కీ దగ్గర, అంటే గిట్‌హబ్‌లో క్యాష్‌ని దాచే పేరు దగ్గర. గిట్‌హబ్‌లో ఒకసారి సేవ్ అయిన కీ మీద మళ్లీ రాయడం కుదరదు. కీ మారకుండా ఉంటే మొదటి రోజు క్యాషే ఎప్పటికీ వస్తుంది, రోజురోజుకీ హిట్లు (క్యాష్‌లో దొరికే ఫైళ్లు) తగ్గుతాయి. అందుకే ఓఎస్, కంపైలర్, డీబగ్ లేదా రిలీజ్, చివర కమిట్ హ్యాష్, ఈ వరసలో కీ పెట్టండి. సరిగ్గా అదే కీ దొరకనప్పుడు వెతికే రీస్టోర్ కీలో ఆ చివరి హ్యాష్ తీసేసి మిగతాది ఇస్తే, దానితో మొదలయ్యే వాటిలో తాజాది దొరుకుతుంది.

రిపోకి మామూలుగా దొరికే చోటు 10 జీబీ. 500 ఎంబీ చొప్పున 20 ఎంట్రీలకే నిండిపోతుంది. పుల్ రిక్వెస్ట్‌లు కూడా సేవ్ చేస్తుంటే మెయిన్ బ్రాంచ్ క్యాష్ బయటికి పోతుంది. పైగా ఒక పుల్ రిక్వెస్ట్ దాచింది ఇంకోదానికి కనపడదు, మెయిన్ దాచింది మాత్రం అన్నిటికీ కనపడుతుంది. కాబట్టి రీస్టోర్, సేవ్ స్టెప్‌లు విడివిడిగా రాసి, సేవ్‌ని మెయిన్‌కే పరిమితం చేయండి. టెస్టులు ఫెయిలైనా సేవ్ జరిగేలా ఆ కండిషన్‌లో 'ఆల్వేస్' కూడా చేర్చండి.

బిల్డ్‌కి ముందు సీ-క్యాష్ లెక్కలు సున్నా చేసి, అయ్యాక ప్రింట్ చేయించండి. మొదటి రన్‌లో హిట్లు ఉండవు. మెయిన్‌లో అదే కమిట్‌ని రీ-రన్ చేస్తే దాదాపు అన్నీ హిట్లే రావాలి. అలా వచ్చి, కొత్త కమిట్‌కి మాత్రం అన్నీ మిస్ అవుతుంటే వెర్షన్ హెడర్ చూడండి. అందులో కమిట్ హ్యాష్ ఉండి, ఆ హెడర్‌ని ప్రతి ఫైలూ ఇంక్లూడ్ చేస్తుంటే ప్రతి కమిట్‌కీ అన్నీ కొత్తవే. హ్యాష్‌ని ఒక్క సోర్స్ ఫైల్‌లోకి మార్చి, హెడర్‌లో ఫంక్షన్ డిక్లరేషన్ మాత్రం ఉంచండి. కంపైల్ చేసిన సమయాన్ని ఇచ్చే టైమ్ మ్యాక్రో వాడిన ఫైళ్లదీ ఇదే బాధ.

లింకింగ్‌ని, అంటే ఆబ్జెక్ట్ ఫైళ్లను కలిపి ప్రోగ్రామ్‌గా చేసే పనిని, సీ-క్యాష్ దాచదు. హిట్లు బాగున్నా బిల్డ్ నెమ్మదిగానే ఉంటే లింకర్‌ని ఎల్‌ఎల్‌డీకో మోల్డ్‌కో (ఇవి వేగంగా పనిచేసే లింకర్లు) మార్చి చూడండి.