సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) సోషల్ మీడియా పని: పోస్ట్ పెట్టే ముందు జాగ్రత్తలు

- శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా షబ్బాత్, అంటే యూదుల వారపు విశ్రాంతి దినం. ఆర్థడాక్స్ (సంప్రదాయాన్ని కచ్చితంగా పాటించే) సినగాగ్ అయితే ఆ సమయంలో ఏదీ పోస్ట్ చేయొద్దు. ముందే షెడ్యూల్ చేసినవి వెళ్లొచ్చా అన్నది రబ్బీని (అక్కడి మతగురువుని) అడగండి. సూర్యాస్తమయం వాళ్ల ఊరిది చూడాలి, మీ ఊరిది కాదు.

- పండుగలు ముందురోజు సాయంత్రమే మొదలవుతాయి. 2026లో యోమ్ కిప్పూర్ సెప్టెంబర్ 20 సాయంత్రం మొదలు. అది ఉపవాసం, విందు ఫొటోలు వద్దు.

- పెసహ్ (పులిసిన పిండి వంటకాలు తినని యూదుల పండుగ) పోస్టుల్లో మామూలు బ్రెడ్, కేకు కనిపించకూడదు.

- పిల్లల ముఖాలు, గేట్లు, సెక్యూరిటీ ఏర్పాట్లు కనిపించే ఫొటోలు అనుమతి లేకుండా అస్సలు పెట్టొద్దు. 2018లో పిట్స్‌బర్గ్ సినగాగ్‌లో 11 మందిని కాల్చి చంపారు. ఆ భయం వాళ్లకు నిజమైనది, నాకైతే అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఇదే.

- హరేదీల్లో (అతి సంప్రదాయ యూదుల్లో) కొందరు ఆడవాళ్ల ఫొటోలు వేయరు. ముందే కనుక్కోండి.